మాటల వెనుక చెట్లు, పల్లెలు

లిపి లేనివాళ్లు, మతగ్రంథం లేనివాళ్లు అని మన గురించి ఇతరులు చెప్పే మాట వింటూనే పెరిగాం. ఆ మాటకు తల వంచుకునే ముందు, మతానికీ రాతకూ ఇంగ్లీషులో ఉన్న కొన్ని మాటలు ఎలా పుట్టాయో చూద్దాం.

గ్రంథంలేని దేవతలను కొలిచేవారిని చిన్నచూపుతో 'పేగన్' అన్నారు. లాటిన్‌లో 'పాగుస్' అంటే పల్లె ప్రాంతం, 'పాగానుస్' అంటే పల్లెవాసి. రోమ్ సామ్రాజ్యంలో క్రైస్తవం బలపడిన 4వ శతాబ్దంలో, ఆ మతంలో చేరనివారికి ఈ పేరు పెట్టారు. పల్లెవాసి అన్న మాట అలా అన్యమతస్థుడు అన్న మాటగా మారింది.

మరి గ్రంథం ఎక్కడ పుట్టింది? 'బైబిల్' అన్న మాటకు మూలం గ్రీకు 'బిబ్లియా', అంటే పుస్తకాలు. దాని వెనుక ఉన్న 'బిబ్లోస్' నైలు నది ఒడ్డున పెరిగే పాపిరస్ మొక్క పేరు. 'పేపర్' వచ్చింది కూడా పాపిరస్ నుంచే. 'లైబ్రరీ'కి మూలమైన లాటిన్ 'లిబెర్' అంటే మొదట చెట్టు లోపలి బెరడు. 'రైట్' అంటే ఒకప్పుడు గీకడం. మనం వాడే 'పత్రం' కూడా ఆకే కదా!

'గాస్పెల్' పాత ఇంగ్లీషులో 'గోడ్‌స్పెల్', అంటే మంచి కబురు. 'స్పెల్' అంటే నోటితో చెప్పే మాట, కథ. ఏసు కథను కూడా మొదట నోటితోనే చెప్పుకున్నారు, తర్వాతే రాశారు.

రాత కొందరి చేతిలోనే ఉంటే ఏమవుతుందో 'క్లర్క్' అన్న మాట చెబుతుంది. దాని మొదటి అర్థం మతగురువు. నాటి ఐరోపాలో చదువు ఎక్కువగా వారిదే కాబట్టి, రాసేవాడికి ఆ పేరు వచ్చింది. ఇంగ్లండులో నేరస్థుడు బైబిల్ వాక్యం చదివి చూపితే, అతన్ని మతగురువుగా లెక్కగట్టి చాలా నేరాలకు ఉరి తప్పించేవారు. తర్వాత మారుతూ వచ్చిన ఆ చట్టం 1827లో పూర్తిగా రద్దయింది. అక్షరం రానివాడికి మాత్రం ఉరే.

అందుకే రెండు పనులూ మనవే. పిల్లలకు చదువు గట్టిగా నేర్పాలి. పెద్దల నోట ఉన్న కథలను, దేవతల పేర్లను మన భాషలోనే రాసి పెట్టాలి. ఆదిలాబాద్ ప్రాంతంలోని గుంజాల గ్రామంలో దొరికిన గోండి రాతప్రతులు, ఆ పనికి మన పూర్వీకులు ఎప్పుడో పూనుకున్నారని చూపుతున్నాయి.