బాపు జీతం దుబాయ్ లెక్కలో, అమ్మ వంట ఏ లెక్కలో?

ఇవాళ జీడీపీ గురించి. భయపడకండి, గ్రాఫులు లేవు. మా కోరుట్ల ఇల్లే ఉదాహరణ.

మా బాపు దుబాయ్‌లో పదకొండేళ్లు మేస్త్రీ పని చేసిండు. ఆయన కట్టిన గోడలు యూఏఈ జీడీపీలో కలిశాయి. పని జరిగింది అక్కడే కదా, న్యాయమే. మరి ఇంటికి పంపిన పైసలు? అవి మన జీడీపీలో లేవు. ఏడాదికి మించి బయట ఉన్న మనిషిని అక్కడి నివాసి కిందే చూస్తారు. ఆయన పంపేది ఉత్పత్తి కాదు, బదిలీ. ఇండియాకు ఇలా 2023లో వచ్చింది దాదాపు 12,000 కోట్ల డాలర్లని వరల్డ్ బ్యాంక్ అంచనా. ఆ పైసలతో మేం ఇల్లు కట్టినప్పుడు మాత్రం ఇక్కడి మేస్త్రీ పని లెక్కలోకి ఎక్కింది.

ఇక అమ్మ. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. అది జీడీపీలో ఉంది. సిరిసిల్లలో మేనత్త సాంచాలకు కండెలు చుట్టేది, అదీ ఉంది. బీడీల మధ్యలో లేచి అన్నం వండడం, బట్టలుతకడం, మంచం పట్టిన నాయినమ్మను చూసుకోవడం మాత్రం సున్నా. అదే సేవకు జగిత్యాల నుంచి మనిషిని పిలిచి జీతమిస్తే లెక్కే!

ఇంకో తమాషా. ఇంటి బర్రె పాలు మనమే తాగినా జీడీపీలో వస్తాయి. ఆ పాలతో అమ్మ చాయ్ పెడితే ఆ కష్టం రాదు.

ఈ గీత పాతది. 1934లో సైమన్ కుజ్నెట్స్ అమెరికా సెనేట్‌కు జాతీయ ఆదాయం లెక్క ఇచ్చాడు. గృహిణుల పని ఇందులో లేదని అందులోనే రాశాడు, దాచలేదు. మన దగ్గర 1949లో జాతీయ ఆదాయ కమిటీ వేశారు. మహలనోబిస్ అధ్యక్షుడు, గాడ్గిల్, వి.కె.ఆర్.వి. రావు సభ్యులు. మన లెక్కల్లోనూ ఇంటిపని బయటే ఉండిపోయింది. ధర లేనిదానికి ధర కట్టడం కష్టం, ఒప్పుకుంటా. కానీ గంటలు కొలవొచ్చు కదా? 2019లో ప్రభుత్వమే కొలిచింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97.

నడుం నొప్పితో అమ్మ బీడీలు మానేసింది. జీడీపీ దృష్టిలో ఇప్పుడామె ఏ పనీ చేయట్లేదు. లేచేది మాత్రం ఇప్పటికీ అయిదింటికే.

వచ్చే వారం సిరిసిల్ల సాంచాల కథ. ఉంటా మరి.