పుండు మానింది, ముప్పు పోలేదు

"ఇమ్యూనిటీ పెంచుకోండి, ఏ రోగమూ దగ్గరికి రాదు" అంటూ చూర్ణాలు, లేహ్యాలు అమ్మేవారికి మన దేశంలో ఎప్పుడూ కొదవ లేదు. హెచ్.ఐ.వి.కీ అదే మందు అన్నవారున్నారు. రోగనిరోధక శక్తి అంటే బ్యాంకులో డబ్బులాంటిదనీ, నిల్వ ఎంత పెరిగితే అంత మంచిదనీ వీరి లెక్క. ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో హెర్పిస్, హెచ్.ఐ.వి.ల చరిత్ర చూపిస్తుంది. నేను డాక్టరును కాను. రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరైన కామర్సు పట్టభద్రుణ్ణి. కాబట్టి అంకెల దారిలోనే వెళతాను.

1980లలో కెన్యాలోని నైరోబీలో సుఖవ్యాధులకు చికిత్స కోసం వచ్చిన మగవాళ్లను డాక్టర్లు కొంతకాలం గమనించారు. జననాంగాల మీద పుండ్లున్నవారికి హెచ్.ఐ.వి. ఎక్కువగా సోకుతోందని తేలింది. 1989లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అప్పట్లో అక్కడి పుండ్లకు ముఖ్య కారణం షాంక్రాయిడ్ అనే బాక్టీరియా వ్యాధి. క్రమంగా దృష్టి హెర్పిస్ వైరస్ మీదికి మళ్లింది. దాని పేరు హెచ్.ఎస్.వి-2. ఒకసారి ఒంట్లో చేరితే జీవితాంతం నరాల్లో దాక్కుని, అప్పుడప్పుడు పైకి వస్తుంది. అది తమలో ఉన్నట్టు చాలామందికి తెలియనే తెలియదు.

మన పుణేలోనూ ఈ లెక్క తీశారు. 1993-2000 మధ్య సుఖవ్యాధుల క్లినిక్కులకు వచ్చిన, హెచ్.ఐ.వి. లేని 2,732 మందిని పరిశీలించారు. హెర్పిస్ లేనివారితో పోలిస్తే, అది పాతగా ఉన్నవారికి హెచ్.ఐ.వి. ముప్పు 1.67 రెట్లు. కొత్తగా సోకినవారికి 3.81 రెట్లు.

దీనికి అందరికీ తట్టే వివరణ ఒకటే. పుండు అంటే తెరిచిన తలుపు. తలుపు మూస్తే దొంగ రాడు. మూసే మందు కూడా చేతిలోనే ఉంది: ఎసైక్లోవిర్. చవకైనది, ప్రమాదం తక్కువ. దాని వెనుక కృషి చేసిన గెర్ట్రూడ్ ఎలియన్ 1988లో నోబెల్ బహుమతి పంచుకున్నారు కూడా. ఇక ఆలస్యమెందుకు, అందరికీ పంచేయవచ్చు కదా అనిపిస్తుంది. శాస్త్రజ్ఞులు పంచలేదు. పరీక్షించారు.

సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. టాంజానియాలోని మ్వాంజా పరిసరాల్లో 821 మంది స్త్రీలపై జరిగిన పరీక్షలో మందు వాడినవారిలో 27 మందికి, వాడనివారిలో 28 మందికి హెచ్.ఐ.వి. సోకింది. ఆఫ్రికా, పెరూ, అమెరికాల్లో 3,172 మందిపై జరిగిన పరీక్షలో మందు వైపు 75 మంది, ఉత్తుత్తి మాత్ర వైపు 64 మంది. ఈ రెండూ 2008లో వెలువడ్డాయి. 2010లో ఆఫ్రికాలోని 3,408 జంటల లెక్క వచ్చింది. అక్కడ మందు ఇచ్చింది అప్పటికే రెండు వైరస్‌లూ ఉన్న భాగస్వామికి. వారి నుంచి అవతలివారికి సోకిన కేసులు మందు వైపు 41, ఉత్తుత్తి మాత్ర వైపు 43. పుండ్లు మాత్రం 73 శాతం తగ్గాయి!

పుండ్లు తగ్గాయి, హెచ్.ఐ.వి. తగ్గలేదు. ఎందుకు?

2009లో అమెరికాలోని సియాటిల్ పరిశోధకులు బలమైన వివరణ ఇచ్చారు. పుండు మానిన చోట చర్మం ముక్క తీసి చూశారు. పైకి అంతా బాగుంది. లోపల మాత్రం హెర్పిస్‌తో పోరాడటానికి వచ్చిన కణాలు అక్కడే మకాం వేసి ఉన్నాయి. వాటిలో సి.డి.4 కణాలున్నాయి. శరీరపు తొలి కాపలాదారులైన డెండ్రిటిక్ కణాలూ ఉన్నాయి. రోజూ ఎసైక్లోవిర్ వాడుతున్నా 20 వారాల దాకా కదలలేదు. హెచ్.ఐ.వి. పట్టుకునేది, ఉపయోగించుకునేది సరిగ్గా ఈ కణాలనే. ఆ ముక్కల్లో అది మామూలు చర్మంలో కంటే 3 నుంచి 5 రెట్లు వేగంగా పెరిగింది.

ఇంకొకటి. చర్మం పై పొరల్లో లాంగర్‌హాన్స్ కణాలుంటాయి. వీటి మీదుండే లాంగరిన్ అనే ప్రోటీన్ హెచ్.ఐ.వి.ని పట్టి, లోపలికి లాగి నాశనం చేస్తుందని 2007లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు చూపారు. హెచ్.ఎస్.వి-2 ఆ లాంగరిన్‌ను తగ్గిస్తుందనీ, ఉన్నదాన్ని తానే ఆక్రమిస్తుందనీ 2010లో ప్రయోగశాలలో తేలింది. అంటే ఒక వైరస్ కాపలావాణ్ణి కట్టిపడేసి, రెండోదానికి మేత పోగుచేసి పెడుతోందన్నమాట.

ఇప్పుడు చెప్పండి, అక్కడ "ఇమ్యూనిటీ పెంచడం" అంటే ఏమిటి? ఎన్ని కణాలు చేరితే హెచ్.ఐ.వి.కి అంత విందు. రోగనిరోధక వ్యవస్థ పెంచుకుంటూ పోయే నిల్వ కాదు. ఏ కణం, ఎక్కడ, ఎంతసేపు అన్నదే ప్రశ్న. ఈ ప్రశ్నకు ఏ లేహ్యం సీసా మీదా జవాబు ఉండదు.

అదే పరీక్షా పద్ధతి 2011లో ఇంకో ఫలితం ఇచ్చింది. చెన్నై, పుణే జంటలు కూడా పాల్గొన్న అధ్యయనంలో, హెచ్.ఐ.వి. ఉన్నవారికి ఆ వైరస్ మందులే త్వరగా మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గింది. ఒక ఊహ ఓడింది, ఇంకొకటి గెలిచింది. రెండూ అచ్చయ్యాయి. తన ఓటమిని ఖాతాలో రాసి చూపిన వైద్యమే నమ్మదగ్గది. చూర్ణాల వారిని కూడా ఆ ఖాతా పుస్తకం ఒకసారి చూపించమని అడగండి.