నర్సింగ్‌లో నాయకత్వ శైలులు: తెలంగాణ, తాండూరు–వికారాబాద్ ప్రాంతం

రోగుల సంరక్షణ కోసం తోటి నర్సులను, సహాయక సిబ్బందిని, ఊళ్లలోని ఆరోగ్య కార్యకర్తలను కలుపుకొని పని నడిపించే తీరును నర్సింగ్ నాయకత్వం అంటారు. పదవికీ దీనికీ సంబంధం ఉంది గాని రెండూ ఒకటి కావు. రాత్రి డ్యూటీలో వార్డంతా ఒక్క స్టాఫ్ నర్సు చేతిలో ఉన్నప్పుడు, హోదా ఏదైనా, నాయకురాలు ఆమే.

చరిత్ర

ఆధునిక చర్చకు మూలం ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో ప్రచురించిన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ అని సాధారణంగా చెబుతారు. తాను ఎదుట లేనప్పుడు కూడా పని ఆగకుండా ఏర్పాటు చేయడమే బాధ్యత వహించడమని ఆ పుస్తకంలో ఒక అధ్యాయమంతా వాదిస్తుంది.

భారతదేశంలో నర్సు శిక్షణ ఎప్పుడు మొదలైందన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. కొందరు 1867లో ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ ఆసుపత్రిని, మరికొందరు 1871లో మద్రాసు ప్రభుత్వ ఆసుపత్రిని పేర్కొంటారు. మంత్రసాని శిక్షణను కూడా లెక్కలోకి తీసుకుంటే 1854 నాటి మద్రాసు ప్రయత్నానికే ప్రాధాన్యం ఇవ్వడం సబబుగా కనిపిస్తుంది. తెలుగు నేలపై తొలి శిక్షణకు మిషన్ ఆసుపత్రులే ఆధారమయ్యాయి. 1883లో గుంటూరు చేరిన డాక్టర్ అన్నా కుగ్లర్ స్థాపించిన స్త్రీల ఆసుపత్రి 1898లో ప్రారంభమైంది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది భారత నర్సింగ్ మండలి చట్టం వెలువడింది. దాని స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్‌ను ఏర్పాటు చేసే చట్టం 2023లో వచ్చింది.

ప్రధాన శైలులు

నిరంకుశ, ప్రజాస్వామిక, జోక్యరహిత అనే మూడు శైలుల విభజన కుర్ట్ లెవిన్, రొనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్‌లది (1939). పాఠ్యపుస్తకాలు అంతగా పట్టించుకోని విషయమేమిటంటే, ఆ ప్రయోగం పదేళ్ల వయసు అబ్బాయిల హాబీ క్లబ్బులపై జరిగింది. అందువల్ల దాన్ని వార్డుకు యథాతథంగా అన్వయించడం కష్టం. గుండె ఆగిన రోగి ముందు చర్చకు తావుండదు, ఒక్కరు చెబితే మిగతావారు చేయాలి. అదే డ్యూటీ చార్టు వేసేటప్పుడు అందరి మాటా వినకపోతే మర్నాటికి సెలవు చీటీలు వస్తాయి.

సిబ్బందిలో ఆశయాన్ని, ఆత్మవిశ్వాసాన్ని పెంచే ‘పరివర్తనాత్మక నాయకత్వం’ జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ (1978) పేరుతో ప్రసిద్ధి. అయితే ఈ మాటను జేమ్స్ డౌన్‌టన్ 1973లోనే వాడినట్టు పలువురు గుర్తుచేస్తారు. బెర్నార్డ్ బాస్ 1985లో దీన్ని విస్తరించాడు. రాబర్ట్ గ్రీన్‌లీఫ్ ప్రతిపాదించిన సేవక నాయకత్వం (1970), హెర్సీ, బ్లాంచర్డ్‌ల సందర్భానుసార నాయకత్వం (1969) కూడా నర్సింగ్ పాఠ్యాంశాల్లో కనిపిస్తాయి.

తెలంగాణలో పదవుల శ్రేణి

ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు, రెండో గ్రేడు, మొదటి గ్రేడు సూపరింటెండెంట్ అన్న వరుస చాలాకాలం సాగింది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం వీటిని నర్సింగ్ ఆఫీసర్, సీనియర్ నర్సింగ్ ఆఫీసర్, డిప్యూటీ నర్సింగ్ సూపరింటెండెంట్, చీఫ్ నర్సింగ్ ఆఫీసర్ అని మార్చింది. పేర్ల మార్పు గౌరవం పెంచిందన్నది నిజమే. నిర్ణయాధికారం ఆ మేరకు పెరిగిందా అన్నది వేరే ప్రశ్న. ప్రత్యేక నర్సింగ్ డైరెక్టరేట్ కావాలన్నది నర్సుల సంఘాల పాత డిమాండు.

తాండూరు–వికారాబాద్ ప్రాంతం

2016 అక్టోబరు 11న ఏర్పడిన వికారాబాద్ జిల్లాలోనిదే తాండూరు. నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, కంది సాగు ఇక్కడి బతుకుతెరువులు. కర్ణాటక సరిహద్దు దగ్గరే కావడంతో తెలుగు, ఉర్దూ, కన్నడం మాట్లాడేవారు ఒకే ఓపీ వరుసలో నిలబడతారు.

ఇక్కడ నాయకత్వాన్ని కష్టతరం చేసేది పాలనా విభజన. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ప్రజారోగ్య శాఖ కింద, తాండూరు ఆసుపత్రి వైద్య విధాన పరిషత్తు కింద, 2023లో ప్రారంభమైన వికారాబాద్ వైద్య కళాశాల వైద్య విద్యా శాఖ కింద ఉన్నాయి. పురిటి నొప్పులతో ఉన్న స్త్రీని పల్లె నుంచి పైస్థాయికి పంపితే, ఆ దారిలోని నర్సులందరికీ ఆజ్ఞాపించగల ఒకే నర్సింగ్ అధికారి ఉండరు. ఆ లోటును తీర్చేవి ముందుగా చేసే ఫోను, కేసు షీటులో స్పష్టమైన రాత, ఒకరినొకరు ఎరిగి ఉండటం.

ఉప కేంద్రాల్లో పరిస్థితి మరోలా ఉంటుంది. పల్లె దవాఖానాలుగా మార్చిన ఉప కేంద్రాల్లో వైద్యులు దొరకని చోట శిక్షణ పొందిన నర్సులను నియమించే విధానం ఉంది. కొత్తగా వచ్చిన యువ నర్సు, ఊరి గడపలన్నీ తెలిసిన సీనియర్ ఏఎన్ఎంతో, ఆశా కార్యకర్తలతో పని చేయించుకోవాలి. “అక్కా, ఈ ఇంటికి మనిద్దరం పోదామా” అన్న పిలుపుతో అయ్యే పని, చదువు ఎక్కువన్న ధోరణితో కాదు.

మిడ్‌వైఫరీ ప్రయోగం

రాష్ట్రంలో నర్సుల నాయకత్వానికి బాగా నమోదైన ఉదాహరణ ఇదే. హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011లో సొంతంగా మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. ఆ సంస్థ, యూనిసెఫ్‌ల తోడ్పాటుతో రాష్ట్ర ప్రభుత్వం 2017లో 30 మంది నర్సులతో 18 నెలల కోర్సును ఆరంభించింది. కేంద్రం మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు 2018లో వచ్చాయి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశ సగటు 21.5 శాతం. ఈ నేపథ్యంలో సాధారణ కాన్పును స్వతంత్రంగా నడిపించే అధికారం నర్సు చేతికి ఇవ్వడం చిన్న మార్పు కాదు. అయితే సిజేరియన్లు తగ్గిన చోట ఆ తగ్గుదలను మిడ్‌వైఫ్‌ల ఖాతాలోనే వేయడం తొందరపాటు. ప్రసూతి వైద్యుల సహకారం, కుటుంబాల ఇష్టం కూడా ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

మూల్యాంకనం

కెనడా పరిశోధకురాలు గ్రెటా కమింగ్స్ బృందం 2010లో 53, 2018లో 129 అధ్యయనాలను సమీక్షించింది. పనిని మాత్రమే చూసే శైలి కంటే మనుషుల మధ్య సంబంధాలకు విలువిచ్చే శైలులే సిబ్బంది తృప్తికి, ఉద్యోగంలో నిలవడానికి మేలని తేల్చింది. వాటిలో ఎక్కువ భాగం సంపన్న దేశాలవన్న పరిమితిని మరవరాదు. బోధనాసుపత్రుల సాధారణ వార్డుల్లో ముగ్గురు రోగులకు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ మండలి ప్రమాణం. సిబ్బంది ఆ స్థాయికి చేరని చోట ఏ శైలీ పూర్తి ఫలితం ఇవ్వదు. శైలుల శిక్షణ కన్నా ముందు ఖాళీల భర్తీ, బాధ్యతకు తగిన అధికారం అవసరం.