నిస్తంత్రీ ఫ్లాష్

కెమెరాకు దూరంగా నిలిపిన ఫ్లాష్ దీపాన్ని తీగతో కలపకుండా, షట్టరు తెరచుకున్న క్షణంలోనే వెలిగించే పద్ధతిని నిస్తంత్రీ ఫ్లాష్ అంటారు. వాడుకలో దీనిని వైర్‌లెస్ ఫ్లాష్ అనడమే ఎక్కువ. ఫ్లాష్ కెమెరాపైనే ఉన్నపుడు వెలుగు ఎదురుగా పడి ముఖం చదునుగా కనిపిస్తుంది. వెనుక గోడపై నల్లని నీడ పడుతుంది. అదే దీపాన్ని పక్కకు జరిపితే ముక్కు, చెంపలు, బట్టల ముడతలు సహజమైన ఎత్తుపల్లాలతో కనిపిస్తాయి. పూర్వం ఇందుకు పొడవైన తీగ వాడేవారు. అది జనం కాళ్ళకు తగిలి స్టాండు పడిపోవడం సామాన్యమైన ఇబ్బంది.

సమయపాలన

చిన్న ఎలక్ట్రానిక్ ఫ్లాష్ పూర్తి శక్తితో వెలిగినా ఆ మెరుపు సెకనులో సుమారు వెయ్యవ వంతు కాలమే నిలుస్తుంది. ఫోకల్ ప్లేన్ షట్టరులో రెండు తెరలు ఉంటాయి. మొదటి తెర పూర్తిగా తొలగిన తరువాత, రెండవది కదలక ముందే ఈ మెరుపు రావాలి. చాలా కెమెరాలలో ఇది 1/200 లేదా 1/250 సెకను వేగం వరకే సాధ్యం. అంతకు మించితే తెరల మధ్య సన్నని చీలిక మాత్రమే కదులుతుంది కనుక చిత్రంలో కొంత భాగం నల్లగా వస్తుంది. సంకేతం ఆలస్యంగా చేరినా ఇదే ఫలితం. ఒకే మెరుపుకు బదులు అతి వేగంగా అనేక చిన్న మెరుపులు ఇచ్చి ఈ పరిమితిని దాటే పద్ధతిని ఒలింపస్ సంస్థ 1986లో ఎఫ్280 ఫ్లాష్‌తో ప్రవేశపెట్టింది. అయితే ఇందులో వెలుగు బాగా తగ్గుతుంది.

కాంతి ద్వారా

అన్నిటికన్నా చవకైనది ఆప్టికల్ స్లేవ్. ఇందులోని కాంతి గ్రాహకం కెమెరా వద్ద వెలిగిన ఫ్లాష్‌ను గుర్తించి తన ఫ్లాష్‌ను వెలిగిస్తుంది. ఆలస్యం లెక్కలోకి రానంత స్వల్పం. కానీ ఎండలో ఇది సరిగా పనిచేయకపోవచ్చు. పెళ్ళిమండపంలో ఎవరి ఫ్లాష్ మెరిసినా ఇదీ మెరుస్తుంది.

కొత్తగా నేర్చుకునేవారిని తికమక పెట్టేది మరొకటి ఉంది. టీటీఎల్ పద్ధతిలో కెమెరా అసలు మెరుపుకు ముందు వెలుగును కొలవడానికి ఒక చిన్న ముందస్తు మెరుపు ఇస్తుంది. సాధారణ స్లేవ్ దానికే స్పందించి, షట్టరు తెరచుకోకముందే వెలిగిపోతుంది. దూరపు ఫ్లాష్ వెలగడం కంటికి కనిపిస్తుంది, చిత్రంలో మాత్రం దాని వెలుగు ఉండదు. కెమెరా వద్ద ఉన్న ఫ్లాష్‌ను మాన్యువల్‌లో పెట్టడం, లేదా ముందస్తు మెరుపును లెక్కచేయని స్లేవ్ వాడడం దీనికి విరుగుడు.

కానన్ 550ఇఎక్స్ (1998), నికాన్ ఎస్‌బి-800 (2003) వంటి ఫ్లాష్‌లు సంకేత రూపమైన కాంతి స్పందనలతో దూరపు ఫ్లాష్‌లకు ఎంత శక్తితో వెలగాలో కూడా తెలియజేస్తాయి. అయినా వీటికి పరస్పరం కాంతి చేరే మార్గం ఉండాలి.

రేడియో ద్వారా

రేడియో తరంగాలకు గోడ గాని, ఎండ గాని పెద్ద అడ్డు కాదు. కెమెరాపై ట్రాన్స్‌మిటరు, ఫ్లాష్ వద్ద రిసీవరు అమర్చుతారు. పాకెట్‌విజార్డ్ సంస్థ పరికరాలు అమెరికాలో సుమారు 344 మెగాహెర్ట్‌జ్, ఐరోపాలో 433 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యాలు వాడాయి. కనుక ఒక చోట కొన్నవి మరొక చోటి వాటితో కలవవు. తరువాత వచ్చిన చాలా పరికరాలు 2.4 గిగాహెర్ట్‌జ్ వాడుతున్నాయి. వైఫై కూడా అక్కడే ఉన్నందున అవసరమైతే ఛానెల్ మార్చుకోవాలి. కానన్ 600ఇఎక్స్-ఆర్‌టి (2012), నికాన్ ఎస్‌బి-5000 (2016) లలో రేడియో ఫ్లాష్‌లోనే ఇమిడి ఉంది.

జాగ్రత్తలు

కొన్ని పాత ఫ్లాష్‌ల ట్రిగ్గర్ వోల్టేజి 200 వోల్టులు దాటుతుంది. కొన్ని డిజిటల్ కెమెరాలు 6 వోల్టులకు మించి తట్టుకోలేవు. అటువంటి ఫ్లాష్‌ను నేరుగా బిగిస్తే కెమెరా పాడవుతుంది. రేడియో ట్రిగ్గరు వాడితే కెమెరాకు ఆ ప్రమాదం తప్పుతుంది గాని, రిసీవరు ఆ వోల్టేజిని తట్టుకుంటుందో లేదో ముందుగా చూసుకోవాలి.