బొబ్బిలి కోటలో మానరక్షణ, పాపరాయని ప్రతీకారం

క్రీ.శ. 1757 జనవరి 24వ తేదీన బొబ్బిలి కోటలో సంభవించిన సంహారం కళింగాంధ్ర చరిత్రలో మానని గాయం. బుర్రకథకులూ జంగాలూ ఆ గాథను గానం చేశారు; 1964లో అది చలనచిత్రమై ఇంటింటికీ చేరింది. అయితే గానంలో వీరరసం ఉప్పొంగినంతగా ధర్మమీమాంస సాగలేదు.

కారణం రాజకీయమే. హైదరాబాదు సలాబత్ జంగు 1753లో ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ధారాదత్తం చేయగా, పన్నుల వసూలుకై బుస్సీ సైన్యసమేతుడై వచ్చాడు. విజయనగరాధీశుడు పూసపాటి విజయరామరాజు ఆయనకు సన్నిహితుడై, పొరుగున ఉన్న చిరకాల వైరిని తొలగించుకొనే అవకాశాన్ని చూశాడు. బొబ్బిలిని విడిచి వేరొక ప్రాంతాన్ని స్వీకరించుమని రంగారావుకు ప్రతిపాదన వచ్చింది. ఆయన తిరస్కరించాడు. రాజ్యం మారినా రాజత్వం మిగిలేదే. కాని పితృపితామహుల భూమిని శత్రువు కోరికపై వదలడం ఆయన దృష్టిలో మరణం కంటె హీనం.

ఫిరంగులకు మట్టికోట బీటలు వారింది. ప్రతి దాడినీ బొబ్బిలి యోధులు తిప్పికొట్టారు. ఇక నిలువదని నిశ్చయమైన వేళ, శత్రుహస్తగతులు కారాదని స్త్రీలనూ శిశువులనూ స్వజనులే ఖడ్గాలకూ అగ్నికీ అర్పించారు. అనంతరం రంగారావు పోరాడుతూ తుపాకి గుండుకు నేలకొరిగాడు. కోటలో ప్రవేశించిన విజేతలకు లభించినవి శవాలు మాత్రమే.

ఇక్కడ సాధకుడు ఒక్క క్షణం ఆగాలి. రణరంగంలో దేహత్యాగం క్షత్రియునికి విహితమని శాస్త్రం చెబుతుంది. అది తన దేహం విషయం. పాలు తాగే బిడ్డ దేహాన్ని తండ్రి మానం కోసం త్యజించే అధికారం ఎవరిది? జానపద గాథ రాణి మల్లమ్మకు వాక్కునిచ్చి, ఆమె స్వయంగా ప్రాణత్యాగం చేసినట్లు చెబుతుంది. తక్కిన స్త్రీల మాట ఎవరూ వ్రాసి ఉంచలేదు. వారి సమ్మతిని మనం ఊహించుకొని మురిసిపోవడం వారికి చేసే రెండవ అన్యాయం.

మల్లమ్మ సోదరుడు తాండ్ర పాపరాయుడు ఆ దినాన రాజాంలో ఉన్నాడని పరంపర. వచ్చేసరికి మిగిలింది బూడిద. మూడవ రాత్రి విజయరామరాజు తన గుడారంలోనే హతుడైనాడు. చంపినది పాపరాయుడని ప్రజాస్మృతి; ఆంగ్లచరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ మాత్రం రంగారావు సైనికులిద్దరు ఆ పని చేసి, పరివారం చుట్టుముట్టగా శవాన్ని చూపి తృప్తి ప్రకటించి ప్రాణాలు విడిచారని వ్రాశాడు. పేరు ఏదైనా, శోకం ఒకటే.

నిద్రించే శత్రువును వధించడమనగానే సౌప్తికపర్వం స్ఫురించక మానదు. అశ్వత్థామకూ పితృవధ శోకమే. తెల్లవారనిమ్మని కృపాచార్యుడు వారించినా వినలేదు, నిరపరాధులైన ఉపపాండవులను సైతం బలిగొన్నాడు, పిదప ప్రాణరక్షణకై పరుగెత్తాడు. బొబ్బిలి పక్షాన వచ్చినవారు ఆ మారణకాండకు కారకుడని తాము నమ్మిన ఒక్కనిపైనే కత్తి ఎత్తారు, పారిపోలేదు. భేదం అల్పం కాదు. అయినా రాత్రివేళ వధను ధర్మయుద్ధమనడానికి వ్యాసుని భారతం అంగీకరించదు. పాపరాయుని ప్రేమించే తెలుగు హృదయం ఈ రెంటినీ ఒకేసారి మోయవలసిందే.

ఆ సంహారం నుండి ఒక బాలుడు బయటపడ్డాడు: రంగారావు కుమారుడు. ఒక వృద్ధుడు అతనిని శత్రుశిబిరానికి తెచ్చి అప్పగించాడని ఓర్మ్ కథనం. దాసి కాపాడిందని జనశ్రుతి. తండ్రి తిరస్కరించిన ప్రాంతానికే బుస్సీ ఆ పసివానిని ప్రభువుగా నియమించాడు. 1794 జూలైలో పద్మనాభం వద్ద ఆంగ్లేయులతో పోరి విజయనగర ప్రభువు, అతడూ విజయరామరాజే, మరణించాడు. ఆ పిమ్మట చినరంగారావుకు ఆంగ్లేయులు బొబ్బిలిని తిరిగి అప్పగించారు.