హెడ్‌ఫోన్స్ బిల్లులో ఒక కోర్టు

మీ అక్కో, పాత రూమ్మేటో రెడ్‌మండ్‌లోనో బెల్‌వ్యూలోనో ఉన్నారా? వాళ్లు అక్కడ వంద డాలర్ల హెడ్‌ఫోన్స్ కొంటే, సేల్స్ ట్యాక్స్‌లో పది సెంట్లు మానసిక చికిత్సల ఫండ్‌కి వెళ్తాయి. కింగ్ కౌంటీ మెంటల్ హెల్త్ కోర్టుకి డబ్బొచ్చేది అందులోంచే. పది సెంట్లతో కోర్టేంటి అని తవ్వితే 1955 దాకా వెళ్లాల్సొచ్చింది.

ఆ ఏడాది అమెరికా రాష్ట్రాల మానసిక ఆసుపత్రుల్లో దాదాపు 5,58,000 మంది ఉన్నారు. కొత్త మందులొచ్చాయి, ఆసుపత్రుల్లో ఘోరాలు బయటపడ్డాయి, ఖాళీ చేయడం మొదలైంది. 1963 అక్టోబర్ 31న కెనెడీ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. పెద్దాసుపత్రుల బదులు ఊరూరా చికిత్సా కేంద్రాలు, అదీ ప్లాన్. ఆయన చెల్లెలు రోజ్‌మేరీ బతుకు 1941లో చేసిన మెదడు ఆపరేషన్‌తో పాడైపోయింది, కాబట్టి ఇది ఆయనకి ఇంట్లో విషయం. కానీ అనుకున్నన్ని కేంద్రాలు ఎప్పటికీ రాలేదు. 1981లో రీగన్ హయాంలో కేంద్రం నిధులు తగ్గించి, మిగిలింది గంపగుత్తగా రాష్ట్రాల చేతిలో పెట్టేసింది.

బయటికొచ్చిన వాళ్లలో చాలామంది రోడ్డు మీద, తర్వాత జైల్లో తేలారు. నేను కోడింగ్ చేసే రోజుల్లో మా టీమ్‌కి ఒక అలవాటుండేది: బగ్ సరిచేయకుండా పక్క టీమ్‌కి అసైన్ చేసేయడం. ఇదీ అంతే.

1997లో ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీలో జడ్జి జింజర్ లెర్నర్-రెన్ దగ్గర మెంటల్ హెల్త్ కోర్టు మొదలైంది. చిన్న నేరమైతే జైలు బదులు చికిత్స, దానిపై జడ్జి నిఘా. 2000లో క్లింటన్ సంతకంతో ఇలాంటి కోర్టులకి ఏడాదికి కోటి డాలర్ల దాకా ఇవ్వొచ్చని చట్టమొచ్చింది. "ఇవ్వొచ్చు" అంటే ఇచ్చారని కాదండోయ్! 2002, 2003లో కలిపి గ్రాంటు దక్కింది 37 కోర్టులకే. 2004లో బుష్ కాలంలో ఇంకో చట్టం. మొదటి రెండేళ్లు ఖర్చులో 80 శాతం దాకా కేంద్రానిది, మూడో ఏడు 60 శాతం, నాలుగు, ఐదో ఏళ్లు 25 శాతం. ఆ తర్వాత? కౌంటీ తంటాలు కౌంటీవే.

అసలు మెలిక ఇక్కడుంది. జడ్జి, లాయర్ల జీతాలు ఎలాగూ ఉన్నవే. కొత్త ఖర్చంతా మందులు, కేస్ మేనేజర్, ఉండటానికి ఇల్లు. జైల్లో ఉన్న మనిషి వైద్యానికి మెడికెయిడ్ చాలావరకు డబ్బివ్వదు, భారం కౌంటీది. అదే మనిషి బయట చికిత్సలో ఉండి, మెడికెయిడ్‌కి అర్హుడైతే కేంద్రం వాటా వస్తుంది. పిట్స్‌బర్గ్ ఉన్న అలెగెనీ కౌంటీ కోర్టు లెక్కలు 2007లో ర్యాండ్ సంస్థ చూసింది. మొదటి ఏడాది చికిత్స ఖర్చు పెరిగింది, జైలు ఖర్చు దాదాపు అంతే తగ్గింది. నాకైతే చిక్కు ఇక్కడే కనిపిస్తుంది: మిగిలేది ఒకరి జేబులో, ఖర్చయ్యేది ఇంకొకరి జేబులోంచి.

అందుకే కింగ్ కౌంటీ 2007లో సొంత దారి చూసుకుంది. వాషింగ్టన్ రాష్ట్రం ఇచ్చిన వెసులుబాటుతో 0.1 శాతం సేల్స్ ట్యాక్స్ వేసుకుంది. గ్రాంటు గడువు ముగుస్తుందన్న భయం లేదు. కానీ జనం కొనడం తగ్గించిన ఏడాది ఈ ఫండూ తగ్గుతుంది, సరిగ్గా ఉద్యోగాలు పోయి మనుషులు కుంగిపోయే ఏడాదే. మీ అక్క రసీదులో మాత్రం ఆ పది సెంట్ల కోసం వెతక్కండి, మొత్తం ట్యాక్స్‌లో కలిసిపోయి ఉంటాయి.