జంపరు కాలిన చోట

జనగామ దగ్గర మా తాత బాయి కాడి మోటరు ఎండాకాలంలో ఆగిందంటే ముందు స్తంభం దిక్కే చూసేవాళ్ళం. లైన్‌మన్ ఎక్కి, నల్లబడ్డ ముక్కతో దిగేవాడు. "తీగకేం కాలే తాతా, జంపరు కాలింది." మైళ్ళ కొద్దీ నడిచొచ్చిన కరెంటు మూరెడు అతుకు దగ్గర ఓడిపోయేది.

కేంద్రక సంలీన యంత్రాల చరిత్ర చదువుతుంటే నాకు ఆ జంపరే గుర్తొస్తుంది. తోకమాక్‌లో కోట్ల డిగ్రీల ప్లాస్మాను అయస్కాంతాలే గోడలకు తగలకుండా పట్టుకోవాలి. రాగి చుట్లతో చేస్తే అవే వేడెక్కి కరెంటు మింగేస్తాయి. 1911లో లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ సున్నాకు 269 డిగ్రీల దిగువన పాదరసంలో విద్యుత్ నిరోధం మాయమవడం చూశాడు. ఆ దారిలో వచ్చినవే అతివాహక అయస్కాంతాలు.

అయితే కరెంటు పుట్టేది బయట, మామూలు వేడిలో. భూపాలపల్లి దగ్గర చెల్పూరులో బొగ్గుతో 1100 మెగావాట్లు తీస్తారు. మహబూబాబాద్ మీదుగా పోయే రైలును పాతిక వేల వోల్టుల తీగ లాగుతుంది, ఆంపియర్లు మాత్రం వందల్లోనే. అయస్కాంతం అడిగేది దీనికి తలకిందులు: ఒకసారి ఎక్కించాక వోల్టులు కొద్దిగానే చాలు, ఆంపియర్లు వేలకు వేలు. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్‌లో పెద్ద చుట్లకు 68,000 ఆంపియర్లు కావాలి.

వాటిని లోపలికి మోసే కడ్డీని కరెంట్ లీడ్ అంటారు. లావుగా చేస్తే బయటి వేడి దాని వెంట లోపలికి జారుతుంది. సన్నగా చేస్తే అదే కాగుతుంది. కరెంటును బాగా మోసే లోహం వేడినీ బాగా మోస్తుందని 1853లోనే వీడెమాన్, ఫ్రాంజ్ చెప్పారు. హీలియం ఆవిరితో చల్లార్చిన మంచి రాగి లీడ్‌లో కూడా వెయ్యి ఆంపియర్లకు సుమారు ఒక వాటు వేడి దిగుతుంది. ఒక్క వాటే కదా అనిపిస్తుంది. అంత చలిలోంచి దాన్ని తోడి పోయడానికి బయట రెండు మూడు వందల వాట్లు ఖర్చు. 68,000 ఆంపియర్ల లీడ్ ఒక్కదానికి, మా దిక్కు ఐదు హెచ్‌పీ మోటార్లు నాలుగైదు నడిపేంత!

1986లో బెడ్‌నోర్జ్, ముల్లర్ కనిపెట్టిన పింగాణీ జాతి అతివాహకాలతో దారి దొరికింది. ఇవి అంత చలి అడగవు, వేడిని సరిగా మోయవు. లీడ్‌లో పై సగం రాగి, కింది సగం ఇది. పెద్ద ఎత్తున మొదట వాడింది జెనీవా దగ్గరి ఎల్‌హెచ్‌సీలో. ఐటర్‌దీ అదే పద్ధతి.

అదే ఎల్‌హెచ్‌సీలో 2008 సెప్టెంబరు 19న రెండు అయస్కాంతాల నడుమ ఒక్క అతుకు పాడై, సొరంగంలోకి టన్నుల కొద్దీ హీలియం ఎగజిమ్మింది. ఏడాదికి పైగా యంత్రం మూతబడింది. లైన్‌మన్ మాట అక్కడా నిజమే.

మన దగ్గర గాంధీనగర్ పక్కన ప్లాస్మా పరిశోధన సంస్థలో ఎస్‌ఎస్‌టీ-1 ఉంది. పదహారు చుట్లు, పది వేల ఆంపియర్లు. మొదటిసారి కూర్చి చల్లబరిస్తే హీలియం కారింది. మొత్తం విప్పారు. అతుకులన్నీ కొత్తగా వేసి, చుట్లను ఒక్కొక్కటిగా పరీక్షించి మళ్ళీ కూర్చారు. 2013 జూన్ 20న అందులో తొలి ప్లాస్మా వెలిగింది.